అమ్మవారి కళ్ళు, డజను గుడ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. పన్నెండో తరగతి సైన్సులో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పదిహేడేళ్ళ పిల్లకి ఈ లోకంలో ఇంక తెలుసుకోవలసింది ఏం మిగులుతుంది? పాలు ఎందుకు విరుగుతాయో తెలుసు. కిటికీ ఊచలు ఎందుకు తుప్పు పడతాయో తెలుసు. గదికో కుటుంబం ఉండే మా చాళీ మెట్ల మీది బల్బు నెలకోసారి ఎందుకు మాయమవుతుందో కూడా తెలుసు (అది కెమిస్ట్రీ కాదు, రెండో అంతస్తు బావ). ఇప్పుడు బీఎస్సీ అయింది, పెళ్ళయింది, ఎనిమిది నెలల బాబు ఉన్నాడు, ఆ తెలివంతా ఏ మోరీలో కొట్టుకుపోయిందో వెతికినా దొరకడం లేదు.

మొన్న బాబు కాళ్ళ వెండి కడియాలు నల్లబడ్డాయి. మా వరసలో ఎనిమిది ఒంటిగది ఖోలీలుంటే ఎనిమిది సలహాలు వచ్చాయి. ఒంట్లో వేడి అని ఒకరు, పాలు సరిపోవడం లేదని ఒకరు, దిష్టి అని ముగ్గురు. పక్క ఖోలీ మరాఠీ మావుషి అయితే "నజర్ లాగ్లీ" అంటూ నన్ను అడగకుండానే ఉప్పూ మిరపకాయలూ తిప్పేసి పోయింది. గట్టరు గాలిలో గంధకం ఉంటుంది, అది వెండిని పట్టుకుంటే సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, సిల్వర్ సల్ఫైడ్ నల్లగా ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు. ఈ ముక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. అయినా ఆ పూట బాబుకి మూడుసార్లు జ్వరం చూశాను. నాలుగోసారి థర్మామీటరు తీస్తుంటే వాడే విసుక్కుని చేత్తో తోసేశాడు. ఇప్పుడు వాడు నిద్రపోయాడు కాబట్టి, నల్లబడ్డ వెండిని తెల్లగా చెయ్యబోయి నేను ఒకప్పుడు చేసిన ఘనకార్యం గురించి రాస్తున్నాను. చదివినవాళ్ళు నవ్వుకోవచ్చు. మా వాళ్ళు ఎలాగూ ఏటా నవ్వుతూనే ఉన్నారు.

మా పుట్టిల్లు కామాటిపురాలో పాత తెలుగు చాళీ. మా తాతల తరం పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి మేడలకి ఇటుకలు మోసింది. ఊళ్ళోని మేడలన్నీ ఆకాశానికి పోయాయి, మోసినవాళ్ళు మాత్రం పదడుగుల ఖోలీల్లో మిగిలారు. చాళీ కింద, మెట్ల పక్కన, గోడ గూట్లో మా పోచమ్మ ఉంటుంది. ఏడాదంతా ఆమెకి పసుపు పూసిన రాయే రూపం. ఆషాఢంలో బోనాలనాడు మాత్రం పెట్టెలోంచి వెండి ముఖం తీసి తొడిగి, డప్పులతో గల్లీ గల్లీ తిప్పుతారు. ఆ ముఖం చేయించడానికి అప్పటి ఆడవాళ్ళు కాళ్ళ మట్టెలూ కడియాలూ తీసి కంసాలికి ఇచ్చారట. మా అవ్వ (మా నాయన తల్లి) ఎడమకాలి కడియం ఇచ్చింది. కుడికాలిది పోయేదాకా తీయలేదు. "ఒక కాలు అమ్మది, ఒక కాలు నాది" అనేది. ఆమె మెట్లు దిగుతుంటే ఒక మెట్టు మోగేది, ఒక మెట్టు మోగేది కాదు.

ఆ ముఖం కడిగే హక్కు చింతపండు తాతది. ఆయన మాకు చుట్టం కాదు, చాళీకి పెద్ద. ఏటా బోనాల పొద్దున పెట్టెలోంచి బొగ్గులా మారిన ముఖాన్ని తీసి, చింతపండులో బూడిద కలిపి, కొబ్బరిపీచుతో గంటసేపు తోమేవాడు. ఆ పేరు అందుకే. తోమగా తోమగా అమ్మ ముక్కు సగం అరిగిపోయింది. మా చిన్నప్పుడు ముక్కుపుడక దానంతటదే నిలబడేది, నేను పెద్దయ్యేసరికి మైనంతో అంటించాల్సి వచ్చింది. తాత తోముతుంటే బూడిదరంగు నీళ్ళు మోరీలోకి పారుతుండేవి, అవ్వ అరుగు మీద కూర్చుని ప్రతి ఏడూ అదే మాట అనేది: "అగో, పోతుంది సూడు నా కడియం, నాలిల." తాత తల ఎత్తకుండానే జవాబు చెప్పేవాడు: "నీ కడియం ఎన్నడో అయిపాయె గని, ఇప్పుడు పొయ్యేది వేరేటోళ్ళది."

ఇక నా సంగతి. ఆ ఏడాది నా ఫలితాలు వచ్చాయి, బీఎస్సీలో చేరడానికి ఫారం తెచ్చుకున్నాను, దాని మీద బాపు (మా నాయన) సంతకం కావాలి. బాపు బిల్డింగులకి రంగులు వేసే పనిచేసేవాడు, మెత్తటి మనిషి. మెత్తటి మనుషులతో వచ్చే చిక్కేమిటంటే వాళ్ళు కాదు అనరు, "చూద్దాం" అంటారు. మా బాపు "తాతను అడిగి చూద్దాం" అన్నాడు. తాత "బోనాలు అయినంక చూద్దాం" అన్నాడు. ఫారం ఇవ్వడానికి ఆఖరు రోజు బోనాల మర్నాడు, సోమవారం. చాళీలో అంతవరకు ఏ ఆడపిల్లా పన్నెండో తరగతి దాటలేదు. తాతకి నా మీద కోపమేమీ లేదు, ఆయన ప్రశ్న ఒక్కటే: "పోరి సదివి ఏం జేస్తది? సదువుతోని ఈ చాళీల ఏ పనైతది, ఒక్కటి చెప్పు." ఆ ఒక్కటి నాకు దొరికేది కాదు. ఒళ్ళు మండిపోయేది.

దొరికింది బోనాలకి ముందు శనివారం. పాత పాఠం ఒకటి గుర్తొచ్చింది. పన్నెండులో ఉండగా కాలేజీలో మా కెమిస్ట్రీ మేడమ్ ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు చెబుతూ ఒకసారి తన వెండి కుంకుమ భరిణె తెచ్చింది. అల్యూమినియం గిన్నెలో వేడినీళ్ళు పోసి, ఉప్పూ తినేసోడా వేసి, ఆ నల్లటి భరిణెని అడుగుకి తగిలేలా ఉంచింది. ఐదు నిమిషాల్లో భరిణె తెల్లబడింది. "ఏ వస్తువైనా ఎలక్ట్రాన్లు ఇచ్చుకుంటే ఆక్సీకరణం, పుచ్చుకుంటే క్షయకరణం. ఇచ్చేవాళ్ళు లేకుండా పుచ్చుకోవడం ఉండదు. ఇక్కడ ఇచ్చేది గిన్నె, పుచ్చుకునేది వెండి" అని చెప్పింది. ఆ తరవాత ఇంకో మాట కూడా చెప్పే ఉంటుంది. కానీ అప్పటికి గంట కొట్టారు, నేను పుస్తకాలు సర్దుకుంటూ, ఎదురు బెంచీ అమ్మాయి "మీ ఇల్లెక్కడ?" అంటే "నాగ్‌పాడా దగ్గర" అని ఎప్పుడూ చెప్పే అబద్ధం చెప్పుకుంటూ ఉన్నాను (కామాటిపురా అంటే ఒళ్ళమ్ముకునేవాళ్ళ వాడ అనే అందరికీ తెలుసు). ఆ వినని మాట ఏమిటో నాకు బోనాలనాడు తెలిసింది.

ఆదివారం పొద్దున్నే తాత చింతపండు నానబెట్టుకుని కూర్చున్నాడు. బయట ముసురు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"తాతా, ఈసారి తోమకు. నేను జేస్త."

"ఏం జేస్తవ్?"

"ముఖాన్ని సిల్వర్ గిన్నెల పెట్టి, వేడినీళ్ళు పోసి, సోడా ఏస్త. ముట్టుకునే పనే లేదు. చమక్ అయితది."

(మా ఇళ్ళలో అల్యూమినియాన్ని సిల్వర్ అంటారు, అసలు సిల్వర్‌ని వెండి అంటారు. ఈ విషయం కాలేజీలో మేడమ్‌కి చెబితే ఆమె కాసేపు నన్నే చూసింది.)

తాత పీచు పక్కన పెట్టాడు. "అమ్మ ముఖాన్ని ఆలుగడ్డ లెక్క ఉడకబెడతవా?"

నేను జవాబు తాతకి చెప్పకుండా అవ్వకి చెప్పాను. చాళీలో ఏ పని జరగాలన్నా దారి అదే. "అవ్వా, ఆ నలుపు మురికి కాదే. అది గూడ నీ కడియమే. గంధకం వచ్చి దాన్ని పట్టుకుని కూసుంది. తాత తోమితే గంధకంతోని కలిసి వెండి గూడ నాలిల పోతది. నేను జేస్తే గిన్నె ఎలక్ట్రాన్లిచ్చి వెండిని ఇడిపిస్తది. గంధకం గాలిల పోతది, వెండి అమ్మ ముఖం మీద్నే ఉంటది."

అవ్వకి ఎలక్ట్రాన్లతో పని లేదు. "అంటే కడియం ఇంక పోదా?"

"రవ్వంత గూడ పోదు."

అవ్వ తాత వైపు తిరిగింది. "ఇగో, పోరి చెప్పినట్టు చెయ్యి. నలబై ఏండ్లు నువ్వు అరగదీసినవ్, ఒక్క ఏడు దాన్ని ఉడకబెట్టనియ్యి."

తాత గడ్డం గోక్కున్నాడు. చివరికి అందరూ వినేటట్టు అన్నాడు: "సరే. అమ్మ ముఖం తెల్లగైతే రేపు పొద్దుగాల మీ బాపుతోని నేనే సంతకం పెట్టిపిస్త. ఖరాబైతే మాత్రం సదువు బంద్. మల్ల ఆ కాయితం నా ముందల తియ్యొద్దు." బాపు ఏదో అనబోయి "చూద్దాం" అన్నాడు.

ముఖం పట్టేంత గిన్నె మా అమ్మ దగ్గర ఒక్కటే ఉంది, పండగలకి పరమాన్నం వండే గిన్నె. "దాంట్లనే బోనం వండాలె, తొందరగ ఇచ్చెయ్యి" అని సణుగుతూనే ఇచ్చింది. మెట్ల పక్కన కిరోసిన్ స్టవ్వు పెట్టాం. నీళ్ళు మరిగాయి. చాళీ మూడంతస్తుల వరండాల కమ్మీల మీదుగా తలలు వేలాడాయి. నేను ఉప్పు వేశాను, సోడా వేశాను (పొంగింది, ఒక ముసలమ్మ దండం పెట్టింది), పట్కారుతో అమ్మ ముఖాన్ని మెల్లగా నీళ్ళలోకి దించాను. దించీ దించగానే కుళ్ళిన గుడ్ల వాసన లేచింది. మొదట అందరూ గట్టరు వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. "అది హైడ్రోజన్ సల్ఫైడ్, వస్తేనే మంచిది" అని నేను గర్వంగా ప్రకటించాను. "గట్టరు వాసనే గదా, దినాం పీలుస్తలేమా" అని అవ్వ సర్దిచెప్పింది. పైన ఎవరో ముక్కు మూసుకునే "అరే బాప్ రే" అన్నారు.

ఐదు నిమిషాలకి ముఖం బయటికి తీశాను. ఆ క్షణం నా జీవితంలో మళ్ళీ రాలేదు, డిగ్రీ పుచ్చుకున్నప్పుడు కూడా రాలేదు. వెండి కొత్త స్టీలు గ్లాసులా మెరుస్తోంది. ఎక్కడా గీత లేదు, అరుగుదల లేదు, తోమిన జాడ లేదు. మూడంతస్తుల మీదినుంచి "ఓ" అన్నారు. అవ్వ అరుగు దిగి వచ్చి, ఒక కాలు మోగుతూ ఒక కాలు మోగకుండా, అమ్మ చెంప మీద వేలు పెట్టి "ఇది నాదే" అంది. నేను తాత వైపు చూశాను. సంతకం అప్పటికే అయిపోయినంత సంతోషంగా చూశాను.

తాత పంచె కొంగుతో ముఖం అందుకుని వెలుతురుకి తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"పోరీ. అమ్మ కండ్లేవి?"

కళ్ళు ఉన్నాయి. కనుగుడ్లు ఉన్నాయి, రెప్పలు ఉన్నాయి. నల్లగుడ్లు లేవు. గుడ్డి పావురంలా తెల్లగా, నున్నగా రెండు ఉబ్బులు. అప్పుడు నాకు తెలిసింది మేడమ్ గంట కొట్టాక ఏం చెప్పి ఉంటుందో. కంసాలి ఆ రోజుల్లో నల్లగుడ్లు చెయ్యడానికి కళ్ళ మధ్య చిన్న పల్లాలు కొట్టి, అందులో గంధకం పట్టించి వెండిని నల్లబరిచాడు. తాత పీచు ఆ పల్లాల్లోకి పోలేదు కాబట్టి నలభై ఏళ్ళూ అవి భద్రంగా ఉన్నాయి. నా ఎలక్ట్రాన్లకి పల్లం లేదు, మెట్ట లేదు. ఏది మురికి, ఏది అమ్మవారి చూపు అన్న తేడా అంతకన్నా లేదు. నలుపు ఎక్కడ కనిపిస్తే అక్కడ పనిచేసుకుపోయాయి. ఇందాక మూడంతస్తుల జనం ముక్కు మూసుకున్నది అమ్మవారి కళ్ళ వాసనకి.

"అమ్మ గుడ్లు తేలేసింది" అని పైనుంచి ఒక గొంతు. ఇంకో గొంతు ఏడుపు అందుకుంది. ఆ తరవాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ విసుగే వస్తుంది. ఎందుకంటే చాళీలో ప్రమాదం జరిగితే ఎవరూ ఊరుకోరు, అందరూ సాయం చేస్తారు. మొదట ఒక అత్త కాటుక తెచ్చింది. బొటనవేలితో రెండు చుక్కలు పెట్టారు, అమ్మ ముఖం బాగానే కనిపించింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బోనాలకి అమ్మ మీద వేపాకు నీళ్ళు చల్లుతూనే ఉంటారు కదా, నిలుస్తుందో లేదో చూద్దామని తాత నాలుగు చుక్కలు చల్లాడు. కాటుక జారి అమ్మ చెంపల మీదుగా గడ్డం దాకా పారింది. ముందు గుడ్డిదానిలా ఉన్న అమ్మ ఇప్పుడు ఏడుస్తున్నట్టు ఉంది. ఏడుపు అందుకున్న గొంతుకి ఇంకో నాలుగు తోడయ్యాయి.

బాపు తన చేతనైన సాయం చెప్పాడు. "నల్ల ఆయిల్ పెయింటు ఉంది. రెండు చుక్కలు పెడితే ఏండ్లకేండ్లు పోదు."

తాత కళ్ళెర్రజేశాడు. "సండాసు తలుపులకు ఏసే బ్రష్షుతోని అమ్మకు కండ్లు పెడతవారా?"

"ఈ ముసుర్ల ఎట్లనన్న ఆరదులే" అని బాపు వెనక్కి తగ్గాడు. పాపం, జీవితంలో ఒక్కసారి "చూద్దాం" అనకుండా మాట్లాడితే ఆయనకి దక్కింది అది.

మా అమ్మ ఆ గొడవలో తన గిన్నె చూసుకుంది. అడుగంతా నల్లగా మచ్చలు పడి ఉంది. ఇచ్చినవాళ్ళకి ఏమవుతుందో మేడమ్ చెప్పలేదు. "ఎవరి ముఖమో తెల్లగ చేస్తనని నా గిన్నె ముఖం నల్లగ చేసినవ్" అని అమ్మ అక్కడే కూలబడింది. తాత ముఖాన్ని ఎర్ర గుడ్డలో చుట్టాడు. మధ్యాహ్నం దాటుతోంది. నాలుగింటికి డప్పులవాళ్ళు వస్తారు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "సదువు అంటే గిదేనా బిడ్డా" అని మాత్రం అన్నాడు.

నేను మోరీ గట్టు మీద కూర్చున్నాను. ఏడవాలని కూర్చున్నాను గానీ ఏడుపు రాలేదు, ఆ దిక్కుమాలిన వాసన ఇంకా ముక్కులో ఉంది. కుళ్ళిన గుడ్ల వాసన. అది పీల్చుకుంటూ పీల్చుకుంటూ ఉండగా ఒక సంగతి తట్టింది. వెండిలోంచి పోయింది గంధకం. గుడ్లలో ఉండేదీ గంధకమే. పోయిన దారినే తిరిగి రమ్మంటే రాదా? గట్టరు గాలి ఏడాదంతా పట్టి చేసిన పని వేడి గుడ్డు సొన రెండు గంటల్లో చెయ్యలేదా? లేచి నిలబడ్డాను. "బాపూ, ఉడికిన గుడ్లు గావాలె. డజను."

చాళీ అంతా పండగపూట ఈ పిల్లకి ఆకలి వేసిందని అనుకున్నట్టున్నారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పచ్చసొన వేడివేడిగా ఆ పల్లాల్లో కూరుతాను, చుట్టూ మైనం పూస్తే మిగతా వెండికి అంటదు, గంధకం మళ్ళీ వెండిని పట్టుకుంటుంది, నల్లగుడ్లు వస్తాయి.

"అమ్మ కండ్లల్ల గుడ్డు పెడతవా?" అన్నాడు తాత. ఈసారి గొంతులో కోపం కూడా లేదు, అలసట.

అవ్వ కలగజేసుకుంది. "కోడిని కోస్తే తింటది, కల్లు పోస్తే తాగుతది. గుడ్డుకు వద్దంటదా అమ్మ? మీకెందుకు నోరు?" ఇది మా చాళీలో ఎవరూ కాదనలేని మాట. మా పోచమ్మకి ఆచారాలు మాకన్నా తక్కువ. తాత ఎర్ర గుడ్డ ముడి విప్పాడు. బాపు గొడుగు కూడా తీసుకోకుండా ఫోరస్ రోడ్డు మూలనున్న గుడ్ల బండి దగ్గరికి పరిగెత్తాడు.

ముక్కుపుడక అంటించే మైనం తెచ్చి, కరిగించి, అగ్గిపుల్లతో ఒక్కొక్క కంటి చుట్టూ గట్టు కట్టాను. సొన నలిపి, పల్లాల్లో కూరి, తడిగుడ్డ కప్పి, పైన మా అమ్మ నల్లబడ్డ గిన్నె బోర్లించాను (ఆ గిన్నెకి ఆ రోజు విశ్రాంతి లేదు). సొన చల్లబడినప్పుడల్లా తీసి కొత్తది పెట్టాలి. బాపు పది నిమిషాలకోసారి గిన్నె ఎత్తి చూస్తున్నాడు. మా అమ్మకి ఆ దుఃఖంలో కూడా చిరాకొచ్చింది. "మాటిమాటికి మూత తీస్తే అన్నమే ఉడకదు, కండ్లేం ఉడుకుతయి, బంద్ జెయ్యుండ్రి." తెల్లసొనలు వృథా ఎందుకని ఏడుస్తున్న అత్తలు ఉప్పు అద్దుకుని తిన్నారు. తిన్నాక ఏడుపు కొంచెం తగ్గింది.

గంటకి లేత పసుపు వచ్చింది. గంటన్నరకి గోధుమరంగు. నాలుగింటికి గల్లీ చివర డప్పు మోగింది. గిన్నె ఎత్తాను. సొన తుడిచాను. మైనం గీకాను. నల్లటి, కొంచెం నీలం కలిసిన రెండు కనుగుడ్లు నన్ను చూశాయి. సరిగ్గా చెప్పాలంటే, కుడి కన్ను నన్ను చూసింది. ఎడమ కంటి దగ్గర వేడికి మైనం కరిగి సొన పక్కకి జారింది, ఆ నల్లగుడ్డు ముక్కుకి దూరంగా, కంటి చివరికి పోయి కూర్చుంది. మా అమ్మవారికి మెల్లకన్ను వచ్చింది.

తాత ముఖం తీసుకుని వేపాకు నీళ్ళు చల్లాడు. జారలేదు. గుడ్డతో రుద్దాడు. పోలేదు. తరవాత ముఖాన్ని చేయి చాచి ఎత్తి, ఎడమ కన్ను ఎటు చూస్తుందో తానూ అటు చూశాడు. మా చాళీ ఎడమ కొస అది, సండాసుల (పాయిఖానాల) పక్కన, నలుగురూ ముట్టని వాళ్ళ ఆఖరి ఖోలీ. ఆ ఖోలీ ముసలాయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక్కసారి రెండు చేతులూ ఎత్తి "ఇన్నేండ్లకు అమ్మ మా దిక్కు జూసింది" అన్నాడు. "మైనం కరిగింది తాతా" అని నేను మొత్తుకున్నాను గానీ ఎవరూ నమ్మలేదు, దానితో వ్యవహారం తేలిపోయింది. డప్పులు లోపలికి వచ్చేశాయి, ఎవరో తాత చేతిలోంచి ముఖం అందుకుని పోచమ్మకి తొడిగేశారు.

నేను ఆ సాయంత్రం ఊరేగింపుకి వెళ్ళలేదు. ఖోలీలో కూర్చుని ఫారం మడతలు సాఫు చేసుకుంటూ, ఖరాబు అయినట్టా కానట్టా అని లెక్క వేసుకుంటున్నాను. తెల్లబడింది, అది నిజం. కళ్ళు పోయాయి, అదీ నిజం. వచ్చాయి. వంకరగా వచ్చాయి. ఏ పుస్తకంలోనూ ఈ లెక్కకి జవాబు ఉండదు.

మర్నాడు పొద్దున్నే తాత మా గుమ్మంలోకి వచ్చాడు. బాపు చాప పరిచాడు, తాత కూర్చోలేదు. "ఈ పోరి ఇంక ఎన్నేండ్లు సదవాలె?" అన్నాడు.

"మూడేండ్లు" అన్నాడు బాపు.

"సంతకం పెట్టు."

బాపు నోరు తెరిచాడు. "చూద్..."

"చూసుడేంది? నిన్న జూడలే? సదువు సగంల ఆపితే గిట్లనే అయితది, అమ్మ కండ్లు పోయినయి. మిగిలిన సగం గూడ నేర్చుకొని రానియ్యి. లేకపోతే పైయేడు చెవులు పోతయి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి నా వైపు వేలు చూపించాడు. "ముఖం ఇంక నువ్వే కడుగు. నాకు చింతపండు తిప్పలు తప్పె."

అలా నేను బీఎస్సీ చదివాను. మేడమ్‌కి ఈ కథ చెబితే, "కావాలని నల్లబరిచిన వస్తువులకి చెయ్యొద్దని చెప్పాను కదా" అంది. చెప్పే ఉంటుంది. అప్పటినుంచి ఇప్పటిదాకా, పెళ్ళయి రెండు గల్లీల అవతలికి వచ్చాక కూడా, బోనాల పొద్దున నేనే వెళ్తాను. అవ్వ కడియం ఇచ్చిన ఆ ముఖాన్ని మా అమ్మ గిన్నెలో పెట్టి తెల్లగా చేస్తాను, మళ్ళీ గుడ్లతో కళ్ళు పెడతాను. నేర్చుకున్నాక రెండు కళ్ళూ తిన్నగా పెట్టడం ఎంతసేపు? కానీ పెట్టనివ్వరు. ఆఖరి ఖోలీ వాళ్ళు పొద్దున్నుంచీ నా పక్కనే కాపలా కూర్చుంటారు. "అక్కా, జర అటు... ఇంక జర... హా, అట్లనే ఉంచు." ఒక ఏడు మూడో అంతస్తు వాళ్ళు కుడి కన్ను పైకి పెట్టమన్నారు. ఆ గొడవ పంచాయతీ దాకా పోయింది. ఇంత చదివి నేను ఏటా చేసేది అమ్మవారికి మెల్లకన్ను పెట్టడం. విసుగు రాదూ?

ఇవాళ బోనాలు అయ్యాయి. పొద్దున బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకునే ముఖం కడిగాను. వాడి నల్లబడ్డ కడియాలు కూడా అదే నీళ్ళలో వేశాను (వేసే ముందు వాటికి కళ్ళేమైనా ఉన్నాయేమోనని నాలుగుసార్లు తిప్పి చూశాను). ఆఖరి ఖోలీ వాళ్ళు టీ తాగడానికి లేచిన ఆ కాసేపట్లో, అగ్గిపుల్లతో ఎడమకంటి మైనం గట్టుని ఒక ఆవగింజంత జరిపాను. ఎందుకు జరిపానో నన్ను అడక్కండి. అది గుడ్డుసొన అని నాకు తెలుసు, సిల్వర్ సల్ఫైడ్ అని తెలుసు, సమీకరణం కూడా తూకం తప్పకుండా రాసివ్వగలను. సాయంత్రం డప్పుల మధ్య బాబుని ఎత్తుకుని, ఎక్కడ నిలబడితే ఆ చూపు సరిగ్గా వాడి మీద పడుతుందో పొద్దున్నే కొలిచిపెట్టుకున్న చోట నిలబడ్డాను.

చింతపండు తాతకి ఇప్పుడు శుక్లాల ఆపరేషను అయి మందం అద్దాలు వచ్చాయి. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆయన అమ్మ ముఖం వైపు చూశాడు, ఆ చూపు వెంటే మెల్లగా తల తిప్పుకుంటూ నా దాకా వచ్చాడు, బాబు దాకా వచ్చాడు, మెరుస్తున్న వాడి కడియాల దాకా వచ్చాడు.

"కన్ను ఈయేడు జరిగినట్టుందేంది పోరీ?"

"మైనం కరిగింది తాతా" అన్నాను.

పదిహేడేళ్ళప్పుడు అదే మాట నిజంగా చెప్పాను, ఎవరూ నమ్మలేదు. ఇవాళ అబద్ధం చెప్పాను. తాత అద్దాలు తీసి తుడుచుకుని, "కరుగుతది బిడ్డా, కరుగుతది" అన్నాడు.